రేగడిలో గుంత తీసి ఎర్రమట్టి నింపొద్దు: మట్టి మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మట్టి గురించే. వేసవి అయిపోతోంది, తొలకరికి మొక్కలు పెడదామని అందరికీ చేతులు దురద పెడుతున్నట్టున్నాయి, మంచిదే. అందుకే పురుగులూ తెగుళ్ళూ వచ్చే నెలకి పక్కనబెట్టి ఈసారికి మట్టి ప్రశ్నలే తీసుకున్నాను. గుంటూరు నుంచి విజయవాడకి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఆ గంట ప్రయాణంలోనే మట్టి మూడు రంగులు మారుతుంది. ఊరు దాటగానే నల్లరేగడి, మంగళగిరి కొండ చుట్టుపక్కల ఎర్రమట్టి, వారధి మీదికి రాగానే కింద కృష్ణ ఇసుకా ఒండ్రూ. కాబట్టి "మా పక్కింట్లో బ్రహ్మాండంగా కాసింది, మా ఇంట్లో ఎందుకు రాదు" అనే ప్రశ్నకి చాలాసార్లు జవాబు కాలి కిందే ఉంటుంది.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. పెరడంతా నల్లమట్టి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది, కాలొక్కటే పైకి వస్తుంది. నర్సరీ అబ్బాయి "ఈ మట్టిలో ఏమీ రాదమ్మా, మూడడుగుల గుంతలు తీయించి ఎర్రమట్టి నింపండి, రెండు ట్రాక్టర్లు పడుతుంది" అంటున్నాడు. జామ, కరివేపాకు, మల్లె పెట్టాలని ఉంది. మట్టి తోలించమంటారా? (ఒక గృహిణి)

జవాబు: వద్దమ్మా. నేను ఆ పని చేసి దెబ్బతిన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇల్లు కట్టుకున్న కొత్తల్లో నూజివీడు వైపు నుంచి చిన్నరసం మామిడి అంటు ఒకటి తెచ్చా. మాది చిక్కటి రేగడి. ఎవరో చెప్పారని మూడడుగుల గుంత తీయించి, ఉన్న నల్లమట్టంతా బయట పారబోయించి, ఎర్రమట్టి తెప్పించి నింపా. మొదటి ఏడాది చిగుళ్ళు చూసి వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నా. రెండో ఏడు శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. వాన వెలిశాక ఆకులు వాలిపోయాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకో రెండు బిందెలు పోశా, అదీ నా తెలివి. పది రోజులకి చెట్టు ఎండింది. పీకి చూస్తే గుంత అడుగున జానెడు నీళ్ళు, వేళ్ళు నల్లబడి పట్టుకుంటే తొక్క ఊడి చేతికి వస్తోంది, మురుగుకాలవ వాసన.

ఏం జరిగిందంటే, ఎర్రమట్టి నీళ్ళు గబగబా లోపలికి తీసుకుంటుంది. చుట్టూ ఉన్న రేగడి తడవగానే ఉబ్బి, ఉన్న కాస్త సందులూ మూసేసుకుంటుంది. పైన పడ్డ నీళ్ళు గుంతలోకి దిగుతాయి గానీ గుంతలోంచి పక్కకి పోయే దారి లేదు. అడుగున చిల్లు లేని తొట్టి ఒకటి డబ్బు పెట్టి కట్టుకున్నా అన్నమాట. వేళ్ళకి నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి, గాలి ఆడక అవి కుళ్ళిపోయాయి.

రేగడిలో ఉండే బంకమన్ను రేణువులు పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటాయి. నీళ్ళు ఆ పొరల మధ్యకి దూరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడమే మీరు చూసే నెర్రెలు. గుంటూరులో ఇల్లు కట్టేవాళ్ళు పునాదుల దగ్గర అంత జాగ్రత్త పడేదీ, పాత ప్రహరీ గోడలు మెలికలు తిరిగి పగిలేదీ ఇందుకే.

మరేం చేయాలి? గుంత మానేసి దిబ్బ కట్టండి. నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, మీ పెరటి మట్టితోనే. అందులో మూడో వంతు బాగా మగ్గిన పశువుల ఎరువో కంపోస్టో కలిపి, ఆ దిబ్బ మీద మొక్క పెట్టండి. ఎంత ముసురు పట్టినా మొక్క మొదట్లో నీళ్ళు నిలవవు, వేళ్ళు మెల్లగా కింద ఉన్న రేగడిలోకి అలవాటు పడుతూ దిగుతాయి. జామకి ఈ పద్ధతి చాలు, అది రకరకాల నేలలకి సర్దుకుపోయే చెట్టు. కరివేపాకు, మల్లె మాత్రం నీరు నిలిస్తే అలుగుతాయి కాబట్టి పెరట్లో అన్నిటికంటే మెరకగా ఉన్నచోట, ఇంటి అరుగు పక్కనో గేటు పక్కనో చూసుకోండి. నీళ్ళు నిలిచే పల్లంలో ఏదైనా పెట్టాలని ఉంటే నేరేడు పెట్టండి, దానికి ఆ మాత్రం తడి లెక్కలేదు. చోటు ఉండాలి సుమా, పెద్ద చెట్టవుతుంది.

"పోనీ ఇసుక కలిపితే?" అని ఇంకో నలుగురు అడిగారు. రెండు గంపల ఇసుక రేగడిలో కలిపితే అది గుల్లబారదు, ఎండాక ఇటుకలా తయారవుతుంది. ఇసుకతో గుణం మారాలంటే మట్టిలో దాదాపు సగం ఇసుకే అవ్వాలి, ఈరోజు ఇసుక రేట్లలో ఆ మాట అనడానికే నోరు రావట్లేదు. ఎండుటాకులు, వరిగడ్డి, వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు, ఇవి ఏటేటా వేస్తూ పోతే రేగడి తనంతట తానే పొడిపొడిగా విరగడం మొదలుపెడుతుంది. ఒక్క ఏడాదిలో కాదు, మూడు నాలుగేళ్ళు పడుతుంది.

ఇంకో మాట, రేగడిలో అసలు కిటుకంతా పదునులో, అంటే తవ్వకానికి సరిపోయే తడిలో ఉంది. తడిగా ఉన్నప్పుడు తవ్వితే గడ్డలు కడుతుంది, ఎండాక తవ్వితే గునపం వంగుతుంది. మధ్యలో రెండు మూడు రోజులే దానికి పదును. నాలుగంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి కింద పడేయండి. పొడిపొడిగా విరిగితే పదునుంది, పార తీయండి. చపాతీ ముద్దలా అణిగి అక్కడే ఉంటే ఇంకా రెండు రోజులు ఆగండి. అసలు ఉండే కట్టకపోతే ఆలస్యమైంది, ముందు రోజు సాయంత్రం తేలికగా తడుపు పెట్టండి. నెర్రెలు విడిచాక పైపు తీసుకుని నెర్రెలోకి నీళ్ళు వదలడం మాత్రం చేయొద్దు, ఆ నీళ్ళు వేళ్ళని దాటుకుని నేరుగా అడుక్కి పోతాయి. నెర్రె విచ్చకముందే మొక్కల మొదట్లో నాలుగంగుళాల మందాన ఎండుటాకులు పరిచి ఉంచితే వేసవి చాలా వరకు గట్టెక్కుతుంది.

ప్రశ్న: నల్లమట్టి నల్లగా ఎందుకు ఉంటుంది? మా సైన్సు సారు సారం ఎక్కువ ఉండటం వల్ల అన్నారు. మా తాత కాదన్నాడు. (ఏడో తరగతి విద్యార్థి, గుంటూరు)

జవాబు: తాతగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. రంగు చూసి సారం ఎక్కువ అనుకోవడం చాలామంది చేసే పొరపాటే. మన రేగళ్ళని పరీక్షిస్తే సేంద్రియ కర్బనం, అంటే కుళ్ళిన ఆకూ అలమూ వల్ల వచ్చే సారం, తరచుగా తక్కువ అనే వస్తుంది. ఉన్న కొద్దిపాటి సేంద్రియ పదార్థం బంకమన్ను రేణువులకి గట్టిగా అంటుకుపోయి ఉండటం, మాతృశిల, అంటే ఈ మట్టి ఏ రాయి అరిగి తయారైందో ఆ రాయి, నుంచి వచ్చిన నల్లటి ఖనిజాలు, ఇవి రెండూ కలిసి ఆ నలుపు. అయితే సారు మాటలో కూడా కొంత న్యాయం ఉంది, కాల్షియం, పొటాష్ లాంటివి ఈ మట్టిలో బాగానే ఉంటాయి, తడిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది. వానలు వెనకబట్టాక కూడా శనగ పండేది ఆ దాచుకున్న తడితోనే.

నీకు ఇంకో సంగతి. ఇంగ్లీషు భూగోళం పుస్తకాల్లో నల్లమట్టిని 'రెగర్' అని రాస్తారు చూడు, ఆ మాట మన 'రేగడ' నుంచి వెళ్ళిందే. శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన మరో పేరు 'వర్టిసాల్', లాటిన్‌లో తిరగబడటం అనే అర్థం ఉన్న మాటలోంచి వచ్చింది. ఎండకి నెర్రెలు విచ్చినప్పుడు పైమట్టి రాలి లోపల పడుతుంది, వానకి ఉబ్బినప్పుడు లోపలి మట్టి పైకి నెట్టుకొస్తుంది, అలా ఏటా తనని తానే కాస్త దున్నుకుంటూ ఉంటుంది.

మీ ఇంట్లో ఒక ప్రయోగం చెయ్యి. లీటరు నీళ్ళ సీసాలో మూడో వంతు పొడిమట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు బాగా గిలకొట్టి కిటికీలో పెట్టు. నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు గంటల్లో దాని మీద చేరేది ఒండ్రు. ఆ పైన ఒక రోజో రెండు రోజులో పట్టి దిగేది బంకమన్ను. స్కేలుతో మూడు పొరలూ కొలిచి రాసుకో. మీ తరగతిలో లంక గ్రామం నుంచి వచ్చే పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళ మట్టి కూడా తెప్పించి పక్కన పెట్టు, తేడా చూస్తే ఇంక నేను చెప్పాల్సింది ఉండదు.

ప్రశ్న: విజయవాడ కానూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ పక్కన పెట్టిన మందారాలు ఆరు నెలల నుంచి పసుపు రంగులోకి తిరుగుతున్నాయి. యూరియా వేశాను, ఏవో సీసాల మందులు వాడాను, దమ్మిడీ లాభం లేదు. (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: యూరియా ఆపేయండి ముందు. మీరు పంపిన ఫొటోలో పసుపు కొత్త ఆకుల్లో ఉంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నత్రజని లోపమైతే ముందు కింద ఉన్న ముదురాకులు పండుతాయి. కొస ఆకులు ఇలా వల అల్లినట్టు కనిపించడం ఇనుము అందకపోవడం.

మీ నేలలో ఇనుము లేక కాదు, ఉంది. సున్నం ఎక్కువైతే ఆ ఇనుము కరగదు, మొక్కకి అందదు. ఆ సున్నం ఎక్కడిదంటారా, ప్రహరీ పక్కన ఒక అడుగు తవ్వి చూడండి. కానూరు, పోరంకి వైపు సహజంగా ఉండేది మంచి ఒండ్రు. అయితే మేస్త్రీలు ఇల్లు అయ్యాక మిగిలిన సిమెంటు ముద్దలు, ప్లాస్టరింగ్ రాల్చిన పెచ్చులు, ఇటుక ముక్కలు అన్నీ గోడ పక్కకి నెట్టి పైన నాలుగంగుళాలు మంచి మట్టి కప్పేసి పోతారు. మా బంధువుల ఇంట్లో గులాబీలకని తవ్వితే ముందు గచ్చు పెచ్చులు, తర్వాత తాపీ పని చేసే గిన్నె ఒకటి, దాని కింద సగం గట్టిపడ్డ సిమెంటు బస్తా. ఆ బస్తా కోసం మేస్త్రీ కూలీల మీద అరిచి నానా యాగీ చేశాడట అప్పట్లో!

అనుమానం తీర్చుకోవడానికి కిరాణా కొట్లో దొరికే వెనిగర్ కొద్దిగా పొడిమట్టి మీద పోయండి, సోడాలా బుసబుస పొంగిందంటే సున్నం ఉన్నట్టే. మొక్క చుట్టూ ఒకటిన్నర అడుగు మేర పెచ్చులూ ముక్కలూ ఏరేసి, తీసిన చోట మీ పెరట్లోనే వేరే మూల నుంచి మట్టి తెచ్చి కంపోస్టుతో కలిపి నింపండి. (పైన రేగడిలో వద్దన్న పని ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, మీది నీరింకే ఒండ్రు, చుట్టూ ఉన్నదీ అదే మట్టి, తొట్టి తయారవదు.) ఈలోపు ఆకుల మీదికి లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట వారం తేడాతో మూడుసార్లు పిచికారీ చేయండి. అన్నభేది ఎరువుల కొట్లో దొరుకుతుంది. కొత్త గోడ అంటున్నారు కాబట్టి ముందే చెబుతున్నా, తెల్ల సున్నం మీద పడితే తుప్పు మరకలు పోవు, మీ ఆవిడ చేత మాటలు పడతారు.

ప్రశ్న: నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారి మూడెకరాలు రేపల్లె వైపు ఉంది, వరి. ఆయనకి చేతకావట్లేదు, ఇక నేనే చూసుకోవాలి. పొలంలో ఒక మూల పదిహేను సెంట్లు ఎండాకాలం తెల్లగా పొర కడుతుంది, అక్కడ నాటు సరిగా నిలవదు. కొందరు జిప్సం అంటారు, కొందరు చెరువుమట్టి అంటారు. భూసార పరీక్ష చేయిద్దామంటే మట్టి ఎలా తీయాలో కూడా తెలియదు, సిగ్గుగా ఉంది. (ఒక పాఠకుడు)

జవాబు: సిగ్గెందుకు తమ్ముడూ, నలభై ఏళ్ళు సేద్యం చేసినవాళ్ళు కూడా గట్టు పక్కన ఒకచోట దోసెడు మట్టి తీసి సంచిలో వేసి ఇచ్చేస్తుంటారు, తర్వాత పరీక్ష ఫలితాల కార్డులో అంకెలు తప్పని తిడుతుంటారు.

ముందు ఆ తెల్ల మూల. దాన్ని మిగతా పొలంతో కలపొద్దు, దాని నమూనా వేరు. మట్టి గడ్డ ఒకటి, గోళీకాయంత, బాగా ఎండింది తీసుకుని గాజు గ్లాసులో వాననీళ్ళో ఫిల్టరు నీళ్ళో పోసి అందులో మెల్లగా వదలండి. కదపొద్దు, కలపొద్దు. ఒక గంట తర్వాత వచ్చి చూడండి. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు కమ్మితే అది క్షారపు చౌడు, సోడియం పట్టుకున్న నేల. గడ్డ విరిగి కింద పడినా నీళ్ళు తేటగా ఉంటే, పైన తెల్ల పొర కూడా ఉంటే, అది ఎక్కువగా ఉప్పుచౌడే. మీది సముద్రం వైపు పల్లపు నేల కాబట్టి నా అనుమానం ఉప్పు మీదే ఉంది, అయినా పరీక్ష చేయించాకే డబ్బు తీయండి.

ఎందుకంటే రెండింటికీ మందు వేరు. ఉప్పుచౌడుకి కావలసింది మంచినీళ్ళూ, ఆ నీళ్ళు బయటికి పోయే దారీ. ఆ మూల చిన్న మళ్ళుగా చేసి గట్లు కట్టి, కాలవ నీళ్ళు వచ్చినప్పుడు నిండా పెట్టి, నాలుగైదు రోజులు ఉంచి మురుగుకాలవలోకి వదిలేయాలి. ఇలా మూడు నాలుగు సార్లు. మురుగుకాలవ పూడిపోయి ఉంటే ఇదంతా దండగ, ముందు దాన్ని తీయించండి, పక్క రైతులతో నాలుగు మాటలు పడాల్సి వస్తుంది, పడండి. ఉప్పుచౌడులో జిప్సం వేస్తే లాభం లేదు, ఉన్న ఉప్పులకి ఇంకో ఉప్పు కలిపినట్టు. క్షారపు చౌడు అని తేలితే అప్పుడు జిప్సం, అదీ పరీక్షలో చెప్పిన లెక్క ప్రకారం వేసి, దున్ని, నీళ్ళు కట్టి వదలాలి. చెరువుమట్టి ఆ మూలలో తోలితే రెండేళ్ళు బాగుంటుంది, తర్వాత అడుగున ఉన్న ఉప్పు మళ్ళీ పైకి వస్తుంది. ఏ చౌడైనా జీలుగ (పచ్చిరొట్ట పైరు) చల్లి, పూతకి వచ్చే ముందు, నలభై అయిదు యాభై రోజులకి కలియదున్నడం మాత్రం మంచిదే. జీలుగ ఉప్పునీ తడినీ రెండింటినీ తట్టుకుంటుంది, జనుము అంత తట్టుకోదు.

ఇక మిగతా పొలం నుంచి మట్టి తీసే పద్ధతి. కోత అయ్యాక, ఎరువులేమీ వేయకముందు, వేసవిలో. పొలంలో వంకర టింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ఆగండి. గట్ల దగ్గర, చెట్ల నీడన, పెంట పోసిన చోట, కుప్ప నూర్చిన చోట తీయొద్దు. ఆగిన చోట పైన గడ్డీ దుబ్బులూ పక్కకి నెట్టి, పారతో ఆరంగుళాల లోతున 'వి' ఆకారంలో గాడి తీసి, గాడి ఒక గోడ నుంచి పైనుంచి కింద దాకా వేలు మందాన ఒక చెక్క తీయండి. అన్నీ ఒక గుడ్డ మీద పోసి గడ్డలు చిదిపి, బాగా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. మళ్ళీ కలపండి, మళ్ళీ పారేయండి, అరకిలో మిగిలేదాకా. నీడలోనే ఆరబెట్టండి. ఎరువుల బస్తాలో మాత్రం వేయకండి, ఇదొక్కటి చాలామంది చేసే తప్పు, అందులో అంటుకున్న పొడి చాలు అంకెలు మారిపోవడానికి. చౌడు మూలలో మాత్రం ఒక్క పైపొర చాలదు, అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతున విడివిడిగా మూడు పొట్లాలు తీయండి, ఉప్పు ఎక్కడ కూర్చుందో తెలియాలి కదా. నమూనాలు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఇస్తే ల్యాబుకి పంపుతారు.

కార్డు చేతికి వచ్చాక ముందు మూడు అంకెలు చూడండి. ఉదజని సూచిక (pH) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే హాయి, 8.5 దాటితే క్షారం. లవణ సూచిక (EC) 1 లోపు ఉంటే ఫర్వాలేదు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ, 0.75 శాతం దాటితే ఎక్కువ అని లెక్క, మనవైపు ఎక్కువ అని వచ్చిన కార్డు చూస్తే నేనైతే రెండోసారి పరీక్ష చేయిస్తా. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డుల్లో మొత్తం పన్నెండు అంశాలు ఉంటాయి, వాటిలో జింకు కూడా ఒకటి. వరి కాబట్టి అది తప్పకుండా చూసుకోండి. తక్కువుంటే ఆఖరి దమ్ములో, అంటే నాట్లకి ముందు బురద దున్నేటప్పుడు, ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేస్తారు, కానీ భాస్వరం ఎరువుతో కలిపి చల్లొద్దు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పైరుకి ఏదీ అందకుండా పోతుంది, రెండు మూడు రోజులు తేడా పెట్టండి.

నాన్నగారిని ఆ రోజు పొలానికి తీసుకెళ్ళండి. ఏ మడిలో నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో, ఏ మూల ఎప్పుడు పూడ్చారో ఏ ల్యాబూ చెప్పదు.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మా ఇల్లు వారం పైగా నీళ్ళలో ఉంది. పెరట్లో మేట వేసిన బురద అలాగే ఉండిపోయింది, పెంకుల్లా పగులుతోంది. సపోటా చెట్టు అప్పటినుంచీ నీరసంగా ఉంది. ఆ మట్టిలో ఆకుకూరలు వేయొచ్చా? (ఒక రిటైర్డ్ టీచరు)

జవాబు: ఆ వరద మీరు ఎలా గడిపారో తలుచుకుంటేనే బాధగా ఉంది మేడమ్. ముందు సపోటా సంగతి. మేట చెట్టు మొదట్లో ఎంత ఎత్తు పేరుకుందో చూడండి. కాండం నేలలోకి దిగేచోట కాస్త లావుగా విచ్చుకున్నట్టు ఉంటుంది, అది కనపడకుండా కప్పబడిపోయి ఉంటే అదే జబ్బు. చేత్తో, చిన్న తాపీతో, వేళ్ళు తెగకుండా ఆ బురద మూడడుగుల చుట్టూ తీసేయండి. పార వద్దు.

మిగతా చోట మేట రెండు మూడంగుళాలే అయితే పారేయక్కర్లేదు. సన్నటి బురద పైన పలకలా గట్టిపడి కింద ఉన్న పాత మట్టికి గాలీ నీళ్ళూ అందనివ్వదు, ఇబ్బంది అదీ. పదును చూసి పాత మట్టితో కలిసేలా లోతుగా తిరగదవ్వి, బోలెడంత ఎండుటాకు కలపండి. అరడుగు పైన ఉంటే గీకి బయట వేయించడమే నయం. వరదలో వచ్చిన మురుగు క్రిములు ఇన్ని నెలల ఎండకి చాలావరకు చచ్చిపోయి ఉంటాయి గానీ, పక్కన మెకానిక్ షెడ్డో బ్యాటరీ కొట్టో ఉండి అక్కడి నీళ్ళు మీ పెరట్లోకి వచ్చాయనుకుంటే మాత్రం ఆ నేలలో ఆకుకూరలు వద్దు. సీసమూ గీసమూ ఎండకి పోవు. అక్కడ కనకాంబరాలు పెట్టుకుని, తోటకూర కుండీల్లో వేసుకోండి.

ప్రశ్న: మా అత్తగారిది తుళ్ళూరు వైపు. ఆవిడ ఎప్పుడూ "మాది జరీబు, మీలా మెట్ట కాదు" అంటారు. ఈ జరీబు ఏంటి? (గుంటూరు)

జవాబు: అత్తగారు గర్వపడటంలో తప్పు లేదండి! కృష్ణ ఒడ్డు వెంబడి ఒండ్రు పేరుకున్న నేలలు, కొద్ది లోతులోనే నీళ్ళు పడేవి, ఏడాది పొడవునా అరటి, కంద, పసుపు, కూరగాయలు ఏదో ఒకటి పండేవి జరీబు. వాన మీద ఆధారపడ్డ రేగడి మెట్ట. ఈ తేడా కాగితాలకి కూడా ఎక్కింది, అమరావతి కోసం భూములు తీసుకున్నప్పుడు రైతులకి ఏటా ఇచ్చే కౌలు మెట్టకి ఎకరాకి 30,000, జరీబుకి 50,000 దగ్గర మొదలైంది.

ఆ ఒండ్రు ఎక్కడిదో కూడా చెప్పండి ఆవిడకి. కృష్ణ పుట్టింది మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర, అక్కడి దక్కను నల్లరాయి అరిగి అరిగి ఇక్కడిదాకా కొట్టుకొచ్చింది. అంటే ఆవిడ జరీబులో కొంత మరాఠీ మట్టే. 1967 నుంచి నాగార్జునసాగర్, ఆ తర్వాత కట్టిన డ్యాములు ఆ మట్టిని చాలావరకు పైనే ఆపేస్తున్నాయి కాబట్టి ఏటా కొత్త మేట వస్తుందని కూర్చోవడానికి లేదు, జరీబుకైనా పశువుల ఎరువు తోలాల్సిందే.

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మూడో అంతస్తు. మిద్దె మీద కుండీల్లో గుంటూరు నుంచి తెచ్చిన నల్లమట్టి వేశాను. ఎండితే కుండీ అంచు వదిలి ముద్దలా ముడుచుకుపోతోంది, పోసిన నీళ్ళు పక్కనుంచి కిందికి కారిపోతున్నాయి. (ఒక విద్యార్థిని)

జవాబు: నల్లమట్టి కుండీకి పనికిరాదమ్మా. పొలంలో నెర్రె ఇస్తుంది, కుండీలో అంచు వదులుతుంది, రెండూ ఒకటే. అది తీసి పారేయకు, నాలుగో వంతు దాకా వాడుకో, మిగతా ఎర్రమట్టి ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు. కొబ్బరి పొట్టు ఇటుకని బకెట్లో నానబెట్టి రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి పిండు, అందులో ఉప్పు ఉంటుంది. బోరు నీళ్ళు పోస్తున్నావేమో, కుండీ బయట తెల్లగా పొర కనిపిస్తే అదే. నెలకోసారి కుండీకి రెండింతలు మంచినీళ్ళు పోసి అడుగునుంచి ధారగా పోనివ్వు, వాననీళ్ళు దొరికితే మరీ మంచిది. కింద అంతస్తు వాళ్ళు బట్టలు ఆరేసుకునే టైము చూసుకుని నీళ్ళు పొయ్యి.